తీగల వైద్యం: నల్లరంగు వేసిన స్ట్రాటోకాస్టర్‌ని ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది పర్లాకిమిడి. మా చిన్నాన్న ఓడల్లో ఇంజన్ రూములో పనిచేసేవారు. 1970లలో అమెరికా వెళ్లినప్పుడు ఒక ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుని తెచ్చుకున్నారు. ఓడ ఉద్యోగం మానేశాక బరంపురంలో ఒక ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్లు దాన్నే వాయించారు. ఆ రోజుల్లోనే బ్రిడ్జి దగ్గరున్న సన్నటి పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చే భాగం) తీసేసి, లోపల చెక్క తొలిపించి, వెడల్పుగా ఉండే డిమార్జియో పికప్ పెట్టించారు. తెల్ల ప్లాస్టిక్ ప్లేటు కూడా దానికోసం కోశారు. బాడీకి నల్లరంగు కొట్టించారు. పైన తీగలు తిప్పే కీస్ మార్చారు, నట్ (మెడ పైచివర తీగలు ఆనే సన్నటి పట్టీ) తీసేసి ఇత్తడిది పెట్టించారు. తీసేసిన పికప్, పాత కీస్ బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. మెడ వెనక ప్లేటుకి మూడు స్క్రూలు ఉన్నాయి. మెట్లున్న పలక లేత రంగు చెక్క, వార్నిష్ వేసి ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి గిటారు పెట్టె తడిసింది, గిటారు మాత్రం బాగానే ఉందనిపిస్తోంది.

చిన్నాన్న ఇప్పుడు లేరు. ప్లస్ టూ చదువుతున్న మా అబ్బాయి దాన్ని వాయిస్తానంటున్నాడు. మా తమ్ముడు అమ్మేసి పంచుకుందామంటున్నాడు. భువనేశ్వర్‌లో ఒకాయన చూసి, ‘35 వేలివ్వండి, తొలిచిన చోటు పూడ్చి, పాత రంగు వేసి కొత్తదానిలా చేస్తాను, అప్పుడు లక్షలు పలుకుతుంది’ అన్నారు. రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు గిటారుని ఇంటి నుంచి కదల్చకండి. ఆ 35 వేలు మీ దగ్గరే ఉంచుకోండి. రంగు గీకించొద్దు, చెక్క పూడ్పించొద్దు. పాత గిటారు మీద చేసే పనుల్లో కొన్ని రేపు మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకోగలిగినవి, కొన్ని ఇక ఎప్పటికీ తీసుకోలేనివి. ఇసుక కాగితం రెండో రకం. ఆయన చేస్తానంటున్న రెండు పనులూ రెండో రకమే.

డబ్బు లెక్క ముందు చెబుతాను, మీ ఇంట్లో గొడవ దాని చుట్టూనే ఉంది కాబట్టి. పాత ఫెండర్లు కొనేవాళ్లు చూసేది గిటారు కొత్తగా మెరుస్తోందా అని కాదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు, ఫ్యాక్టరీలో పెట్టిన టంకం, ఫ్యాక్టరీలో తొలిచిన చెక్క అలాగే ఉన్నాయా అని చూస్తారు. రంగు మారిన గిటారు ధర మామూలుగా దాదాపు సగానికి పడిపోతుందని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ల అంచనా. దాని మీద ఇంకోసారి, ఎంత అందంగా వేసినా, అది రెండోసారి రంగు మార్చిన గిటారే అవుతుంది. పూడ్చిన చోటూ అంతే. పిక్‌గార్డ్, అదే ఆ తెల్ల ప్లాస్టిక్ ప్లేటు, విప్పగానే తెలిసిపోతుంది, విప్పకుండా కొనేవాడు ఉండడు. కాబట్టి మీరు పెట్టే 35 వేలు అమ్మకంలో తిరిగి రావు. పని చేయించి, చెప్పకుండా అసలుదని అమ్మితే అది మోసం. మీరు అలాంటివారు కారని మీ ఉత్తరమే చెబుతోంది.

‘లక్షలు’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూద్దాం. స్ట్రాటోకాస్టర్ 1954లో మార్కెట్లోకి వచ్చింది. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీని సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ కొనేసింది. ఆ అమ్మకానికి ముందు తయారైనవాటికి, అదీ ఏమీ మార్చకుండా ఉంటే, పదుల వేల డాలర్లు పెడతారు. మీది మూడు స్క్రూల ప్లేటు అన్నారు. స్ట్రాటోకాస్టర్‌కి ఆ మూడు స్క్రూల పద్ధతి 1971లో మొదలై 1981 దాకా నడిచింది, అంతకుముందు నాలుగుండేవి. అంటే మీది సీబీఎస్ కాలంలోది. అన్నీ అసలువే ఉన్న ఆ కాలపు గిటారుకే ధర కొన్ని వేల డాలర్ల స్థాయిలో ఉంటుంది. మీదానికి ఇన్ని మార్పులయ్యాయి కాబట్టి అందులో సగానికి అటూ ఇటూ. చిన్న మొత్తమేమీ కాదు. మీ తమ్ముడి మనసులో ఉన్న అంకె మాత్రం బహుశా ఇది కాదు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందు పెట్టండి.

ఇప్పుడు మీ చిన్నాన్న సంగతి. తెలియక చెడగొట్టారని మీ ఇంట్లో ఎవరైనా అనుకుంటుంటే ఆ మాట మార్చాలని నా కోరిక. స్ట్రాటోకాస్టర్‌లో ఉండే సన్నటి పికప్పుల్లో ఒక్కో కాయిలే ఉంటుంది. చుట్టుపక్కల కరెంటు తీగల్లోంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దాన్ని కూడా అది తీగల శబ్దంతో పాటే లాగేసుకుంటుంది. బరంపురంలో ఠాకురాణి యాత్ర పందిళ్లలో, పూజా స్టేజీల మీద వాయించినవాళ్లకి దాని బాధ తెలుసు. ఒకవైపు జనరేటర్, నెత్తిమీద ట్యూబులైట్ల చోకులు, పక్కనే రంగు లైట్ల డిమ్మర్, నేలంతా అతుకుల వైర్లు, ఎర్త్ అన్నది ఎక్కడా ఉండదు. పాట మధ్యలో గిటారు ఆగితే చాలు, స్పీకర్లలోంచి కందిరీగల తుట్టె లేచినట్టు ఉండేది. గాయకుడు వెనక్కి తిరిగి చూసేవాడు. ఈ గొడవకి విరుగుడుగానే 1955లో గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజనీరు రెండు కాయిళ్ల పికప్ తయారుచేశారు. ఒక కాయిలు లాగిన గుయ్‌ని రెండోది కొట్టేస్తుంది. ఆ గుయ్‌ని ఇంగ్లిషులో హమ్ అంటారు, అందుకే దానికి హంబకర్ అని పేరు. డిమార్జియో 1972లో తెచ్చిన సూపర్ డిస్టార్షన్, ఎవరి గిటారులో వాళ్లు మార్చి పెట్టుకునేందుకు విడిగా అమ్మిన హంబకర్లలో తొలి తరంది. శబ్దం బలంగా ఉంటుంది, స్టేజీ మీద కీబోర్డునీ డ్రమ్ములనీ దాటుకుని వినిపిస్తుంది. అమెరికాలోనూ ఆ రోజుల్లో గిటారిస్టులు తమ స్ట్రాటోకాస్టర్లని ఇలాగే తొలిపించారు. మీ చిన్నాన్న తన పనికి ఏది కావాలో అది చేయించుకున్నారు. నేనూ ఆ స్టేజీల మీద వాయించినవాణ్నే, ఆ డిమార్జియోకి నా ఓటు. అది ఆరోగ్యంగా ఉంటే తీయొద్దు. బిస్కెట్ డబ్బాలో ఉన్న అసలు పికప్‌ని మెత్తటి గుడ్డలో చుట్టి, సన్నటి తీగలకి ఏదీ తగలకుండా దాచండి. అది గిటారుతో పాటే ఉండాలి. విడిగా ఎవరడిగినా ఇవ్వకండి.

రేపు మీ అబ్బాయి ‘నాకు అసలు స్ట్రాటోకాస్టర్ శబ్దం కావాలి’ అన్నాడనుకోండి, అప్పుడూ చెక్క పూడ్చక్కర్లేదు. ఈ మోడల్ కట్టుబడిలో గొప్పతనమే అది. పికప్పులు, స్విచ్చి, శబ్దం హెచ్చుతగ్గులు చేసే మూడు బిరడాలు అన్నీ ఆ ప్లాస్టిక్ ప్లేటుకే బిగించి ఉంటాయి. బాడీతో వాటికి ఉండే బంధమల్లా జాక్‌కి వెళ్లే తీగలు, వెనక స్ప్రింగుల కొక్కేనికి వెళ్లే ఎర్త్ తీగ. మూడు సన్నటి కంతలున్న కొత్త పిక్‌గార్డ్ ఒకటి కొని, దాని మీద వేరే పికప్పులు అమర్చుకుంటే, ఆ తీగలు విప్పి మొత్తం ప్లేటు మార్చేయొచ్చు. తొలిచిన చోటు దాని కిందే ఉండిపోతుంది, పైకి కనబడదు. మీ చిన్నాన్న ప్లేటు ఒక్క టంకం చెదరకుండా అలమారలో ఉంటుంది, కావాలన్నప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు. కొనే ముందు స్క్రూ రంధ్రాలు కుదురుతాయో లేదో చూసుకోండి. మీ కాలపు ప్లేటుకి 11 ఉంటాయి. ఎక్కడో రెండు కలవకపోతే బాడీలో కొత్త రంధ్రం వేయొద్దు, ఆ రెండూ ఖాళీగా వదిలేయండి.

రంగు దగ్గర కాస్త ఓపిక కావాలి. ఆ నలుపు కింద ఏముందో ఎవరూ చూడలేదు. 1970లలో ఫెండర్ వేసింది మందపాటి పాలియెస్టర్ పూత, గాజులా గట్టిగా ఉంటుంది. మన ఊళ్లలో ఆ రోజుల్లో గిటారుకి రంగంటే కార్ల షెడ్డులో కొట్టే డ్యూకోనే. షెడ్డువాళ్లు పాత పూతని పూర్తిగా గీకేసి కొట్టారా, పైపైన రుద్ది కొట్టేశారా అన్నదే ఇక్కడ ప్రశ్న. తీగలు సడలించి పిక్‌గార్డ్ విప్పండి. దాని కింద, వెనక స్ప్రింగుల మూత కింద, మెడ ప్లేటు కింద చూడండి. అక్కడ పసుపూ ఎరుపూ కలిసిన సన్‌బర్స్టో మరో రంగో కనబడి, ఆ మందపాటి పూత అంచు దాకా తెగకుండా సాగి నలుపు కిందికి వెళ్తుంటే, అసలు రంగు ఇంకా బతికే ఉండొచ్చు. అలాంటప్పుడు చేయి తిరిగినవాడు, ముందు పిక్‌గార్డ్ కింద కనబడని చోట చిటికెడంత పరీక్షించి, పై నలుపుని మాత్రమే నెమ్మదిగా తీయగలడు. గట్టిపడిన పాలియెస్టర్‌ని థిన్నర్ అంత సులువుగా తినదు, డ్యూకోని మెత్తబరుస్తుంది. వెనక్కి తీసుకోలేని పని ఏదైనా చేయొచ్చని నేననేది ఈ ఒక్క సందర్భంలోనే, అదీ తొందర లేకుండా. నలుపు కింద ఉత్త చెక్కే కనబడితే ఇక ఆలోచించక్కర్లేదు. నలుపుని అలాగే ఉంచండి. సన్‌బర్స్ట్ మీద నల్లరంగు కొట్టిన గిటారు ఇంకొకటుంది. పింక్ ఫ్లాయిడ్ బృందంలోని డేవిడ్ గిల్మోర్‌ది. 1970లో కొన్నది. దానికీ ఒకప్పుడు హంబకర్ పెట్టారు, తీశారు, వేరే ట్రెమొలో (తీగల శ్రుతిని ఊపే మీట) కోసం చెక్క తొలిచారు, మళ్లీ పూడ్చారు. 2019లో క్రిస్టీస్ వేలంలో అది 39 లక్షల 75 వేల డాలర్లకి పోయింది. ఆ ధర ఆయన వాయించినందుకు వచ్చింది, గిటారుకి రాలేదు. మీదానికి అలా వస్తుందని చెప్పడం లేదు. నల్లరంగు వేసిందీ తొలిచిందీ పనికిరానిదని ఎవరైనా అంటే నమ్మొద్దని చెబుతున్నాను.

కీస్ విషయం తేలిక. డబ్బాలో ఉన్న వాటి వెనక ఎఫ్ అక్షరం ముద్ర ఉంటే అవి అసలువే. కొత్తవి పెట్టేటప్పుడు తలలో రంధ్రాలు పెద్దవి చేయకపోయుంటే పాతవి తిరిగి పెట్టేయండి. ఖర్చు లేదు, తల రూపం వెనక్కి వస్తుంది. రంధ్రాలు పెంచేసి ఉంటే ఇప్పుడున్నవే ఉంచండి. చెక్క ముక్కలతో పూడ్చొద్దు, లోపలి కొలత తగ్గించే బుష్‌లు దొరుకుతాయి, అవి పెడితే చాలు.

ఇత్తడి నట్ 1970ల చివరి ఫ్యాషన్. గాళ్లు లోతుగా అరిగి, వట్టి తీగ మీటినప్పుడు జిర్రుమంటుంటేనే మార్చండి, ఎముకతో. మీ ఊళ్లోనే కొమ్ము పనివాళ్లు ఉన్నారు కదా! పర్లాకిమిడి కొమ్ము కొంగలు, దువ్వెనలు చేసే ఆ చేతులకి ఎముకని 3 మిల్లీమీటర్ల పైచిలుకు మందానికి నున్నగా అరగదీయడం పెద్ద పని కాదు. కొమ్ము వద్దు, మెత్తన. బాగా ఎండిన గేదె ఎముక అడగండి. ముక్క వాళ్లు చేస్తారు. గాళ్లు మాత్రం గిటారు తెలిసినవాడే కోయాలి, అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా ట్యూనింగ్ నిలవదు.

తుఫాను తడి గురించి మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ నాకు అన్నిటికన్నా దాని మీదే బెంగ. తడిసిన పెట్టెలో గిటారు ఇంకా ఉంటే ఈ రోజే బయటికి తీయండి. పెట్టె లోపలి స్పాంజి తేమని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది, జిగురు విడుస్తుంది, బూజు పడుతుంది. పెట్టెని ఎండలో పెట్టండి, గిటారుని మాత్రం ఎండలో పెట్టకండి. వెనక మూత తీసి స్ప్రింగులు, వాటి స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడండి. బిరడా తిప్పితే బరబరమంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు, బిరడాలు మార్చేయమని ఎవరన్నా ఒప్పుకోకండి. వాటి వెనక అంకెలుంటాయి. 1377314 అని ఉందనుకోండి, 137 అంటే తయారుచేసిన సీటీఎస్ కంపెనీ, 73 సంవత్సరం, 14 వారం. గిటారు అంతకన్నా ముందుది కాదని అర్థం, ఆ బిరడా తర్వాత మార్చినది కాకపోతే. మెడ విప్పితే మడమ దగ్గర కొన్నింటికి తేదీ ముద్ర కూడా ఉంటుంది. మూడు స్క్రూల మెడకి పక్కకి జరిగే జబ్బు ఉంది. పెద్ద తీగ, చిన్న తీగ రెండూ పలక అంచుల నుంచి సమానంగా ఉన్నాయో లేదో చూసి, స్క్రూలు బిగించండి. తల దగ్గర కనబడే బుల్లెట్ లాంటి మరని మాత్రం మీరు తిప్పకండి. నలభై ఏళ్ల పైబడిన ఇనుము, బలం పెడితే తెగుతుంది. పలక మీద వేళ్లు పడి నల్లబడిన మచ్చలుంటాయి. వాటికి వార్నిష్ వేయిస్తామంటే ఒప్పుకోకండి. అవి మీ చిన్నాన్న వేళ్లు.

ఇంకొకటి. ఆయన సీడీసీ, అదే ఓడ ఉద్యోగుల పుస్తకం, ఇంట్లో ఉంటే వెతకండి. ఏ తేదీన ఏ రేవులో ఓడ ఎక్కారు, ఎక్కడ దిగారు అన్నది అందులో రాసి ఉంటుంది. ఆర్కెస్ట్రా ఫొటోల్లో రంగు మారకముందువి ఏవైనా ఉంటే, నలుపు విప్పకుండానే అసలు రంగు తెలిసిపోతుంది. ఇవన్నీ ఒక కవరులో పెట్టి గిటారుతో ఉంచండి. అమ్మినా, ఉంచుకున్నా, దాని కథకి ఇవే సాక్ష్యం.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. అమ్మొద్దు. శుభ్రం చేయించి, తీగలు మార్చి, మెడ సరిచేయించి మీ అబ్బాయి చేతిలో పెట్టండి. కొన్ని వేలతో అయిపోతుంది. తమ్ముడికి న్యాయంగా ఏం రావాలో, పైన చెప్పిన అసలు ధర మీద లెక్కగట్టి మెల్లగా ఇవ్వండి. ఆయన కూడా చిన్నాన్న దగ్గర పెరిగినవారే అయివుంటారు, పండక్కి వచ్చినప్పుడు పిల్లాడు వాయిస్తుంటే కూర్చోబెట్టి వినిపించండి. ధర మాట ఆ తర్వాత ఎత్తండి.

ప్రశ్న: గురువుగారూ, వాయిస్తూ మైకు దగ్గరికి పెదవి తీసుకెళ్తే జివ్వున షాక్ కొడుతోంది. ఆంప్ (ఆంప్లిఫయర్) పాతది, రెండు పిన్నుల ప్లగ్గు. గిటారులో లోపమా?
— గుణుపూర్ నుంచి

జవాబు: బాబూ, గిటారుని అనకు. ఆంప్‌కి ఎర్త్ లేదు. గిటారు తీగలు ఆంప్ బాడీకి కలిసి ఉంటాయి, మైకు వేరే యంత్రానికి, మధ్యలో నువ్వు. దీనివల్ల ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఈ రోజు నుంచి ఆ ఆంప్ వాడకు. ఆంప్‌లు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మూడు పిన్నుల తీగ వేయించి, ఎర్త్‌ని ఆంప్ లోహపు పెట్టెకి గట్టిగా కలిపించు. పాత వాల్వ్ ఆంప్ అయితే మెయిన్స్ నుంచి పెట్టెకి కలిపే కెపాసిటర్ ఒకటుంటుంది, దాన్ని తీసేయించు. మీ ఇంటి సాకెట్లో మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ ఉందో లేదో కూడా పరీక్షించాలి, చాలా ఇళ్లలో ఆ రంధ్రం ఉత్తదే. నువ్వే ఆంప్ విప్పకు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

ప్రశ్న: గిటారు మెడ పలకకి కొబ్బరినూనె రాయొచ్చా?
— రాయగడ నుంచి

జవాబు: వద్దు. కొబ్బరినూనె, నువ్వులనూనె చెక్కలో ఇంకి కొన్నాళ్లకి చివికి వాసనొస్తాయి, మురికిని పట్టి ఉంచుతాయి. మీ పలక ముదురు రంగు రోజ్‌వుడ్ అయితే తీగలు మార్చేటప్పుడు మినరల్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డకి అద్ది రుద్ది, ఐదు నిమిషాల తర్వాత పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఏడాదికి రెండుసార్లు చాలు. పలక లేత రంగుదై, వార్నిష్ ఉంటే ఏ నూనే అక్కర్లేదు, కాస్త తడి చేసి పిండిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.